బంజరు మీదుగా గీసిన గీత: కొలిమిగుండ్ల దగ్గర ఒక ఆయిల్ పైపులైను రూట్ కేస్ స్టడీ

తీరంలోని ట్యాంకుల నుంచి కర్నూలు వైపు పెట్రోలు, డీజిలు తెచ్చే పైపులైనుకు రూట్ ఖరారు చేయాలి. నెల్లూరు వైపు నుంచి వెలిగొండలు దాటి, బద్వేలు మీదుగా కడప జిల్లాలోకి దిగి, పెన్నా దాటి, జమ్మలమడుగు, కొలిమిగుండ్ల, బనగానపల్లె పక్కల నుంచి కర్నూలు చేరేలా కంపెనీ ఇంజనీర్లు ఒక గీత గీశారు. 18 అంగుళాల ఉక్కు పైపు, భూమిలో మీటరుకు పైగా లోతున. ఆ గీత వల్ల నీటికి, నేలకు, అడవికి ఎక్కడెక్కడ ముప్పు ఉందో చూసి చెప్పడం మా చిన్న బృందం పని. అందులో నా వంతు భూగర్భజలం. ఒప్పందం ప్రకారం కంపెనీ పేరు చెప్పకూడదు, ఈ కేసుకు దాని అవసరమూ లేదు. సర్వే నంబర్లు, చిన్న ఊళ్ల పేర్లు తీసేశాను. రాయి, నేల, నీరు ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

పైపులైను ప్రమాదం అనగానే మనకు 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలుడు గుర్తొస్తుంది. 20 మందికి పైగా చనిపోయారు. కానీ అది గ్యాస్. గ్యాస్ బయటికొస్తే పైకి లేస్తుంది, అంటుకుంటుంది, లేదా గాలిలో కలిసిపోతుంది. పెట్రోలు, డీజిలు కిందికి దిగుతాయి. చాలాసార్లు మంటలు రావు, చప్పుడు ఉండదు, టీవీ వాళ్లు రారు. సీమలో తాగేదీ పారించేదీ ఎక్కువగా భూమి లోపలి నీళ్లే కాబట్టి నాకు ఈ రెండో రకం గురించే ఎక్కువ టెన్షన్.

గీత ఎలా పడింది

ఈ రోజుల్లో మొదటి రూట్ మనిషి గీయడు. శాటిలైట్ బొమ్మల మీద ప్రతి రకం నేలకూ ఒక ఖర్చు కడతారు. ఊరుంటే చాలా ఎక్కువ. మాగాణి, చీనీ తోట, అరటి తోట ఉంటే ఎక్కువ. రిజర్వ్ ఫారెస్టు అయితే అనుమతులకు పట్టే కాలం లెక్కేసి ఇంకా ఎక్కువ. బంజరు అయితే దాదాపు ఏమీ లేదు. సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ కూడి, మొత్తం ఖర్చు తక్కువయ్యే దారి చూపిస్తుంది. ఇంజనీర్లు దాన్ని అటూ ఇటూ సర్దుతారు.

చట్టం కూడా గీతను బంజరు వైపే నెడుతుంది. 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం కింద కంపెనీ భూమి కొనదు, వాడుకునే హక్కు మాత్రమే తీసుకుంటుంది. ఫీల్డులో అందరూ ఆర్‌ఓయూ అంటారు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, పైపు పూడ్చాక పంట వేసుకోవచ్చు. కానీ పైపు పోయే పట్టీలో ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, కుంట కట్టకూడదు, చెట్టు పెట్టకూడదు. దానికి పరిహారం నోటిఫికేషన్ రోజున ఉన్న మార్కెట్ విలువలో 10 శాతం, జరిగిన నష్టానికి ఇచ్చేది వేరు. అభ్యంతరం చెప్పాలంటే గెజిట్ వచ్చిన 21 రోజుల్లో చెప్పాలి. చీనీ తోట ఉన్న రైతు ఊరుకోడు, ఎందుకంటే చెట్టు కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది, కొట్టేశాక అక్కడ మళ్లీ పెట్టుకోవడానికి లేదు. రాళ్ల నేలకు అభ్యంతరం చెప్పేవాడు ఉండడు. మేకలు మేపేవాళ్లు గెజిట్ చదవరు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం నేషనల్ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల గుండా పోయే ఆయిల్, గ్యాస్ పైపులైన్లకే ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. వాటిని తప్పించుకుంటూ పోతే వందల కిలోమీటర్ల లైనుకైనా ఆ అనుమతి అక్కర్లేదు. అటవీ భూమి తగిలితే అటవీ చట్టం, అభయారణ్యం తగిలితే వన్యప్రాణి చట్టం చూసుకుంటాయి. మధ్యలో ఉన్న నీటిని చూసుకునే చట్టం మాత్రం ఈ దారిలో ఎదురుకాదు. మా స్టడీ కూడా అప్పిచ్చే బ్యాంకు అడిగింది కాబట్టి జరిగింది.

రాతి కింద ఏముంది

కొలిమిగుండ్ల చుట్టుపక్కల నేల చూసినవాళ్లకు తెలుసు. జానెడు మట్టి, కొన్నిచోట్ల అదీ లేదు, పరిచినట్టు నాపరాయి. వర్షాధారంగా కాస్త కంది, కాస్త ఆముదం, మిగతాదంతా మేత బీడు. మ్యాపులో ఇదంతా బంజరు రంగులో ఉంది. గీత తిన్నగా దీని మీదుగానే పోయింది.

ఈ రాయిని భూగర్భ శాస్త్రంలో నార్జి సున్నపురాయి అంటారు. దీన్ని నీళ్లు కొద్దికొద్దిగా కరిగిస్తాయి. పగుళ్లు సందులవుతాయి, సందులు సొరంగాలవుతాయి. బెలుం గుహలు పుట్టింది ఈ రాతిలోనే. ఇప్పటిదాకా కొలిచిన పొడవు 3,229 మీటర్లు. లోపల అన్నిటికంటే లోతైన చోట పాతాళగంగ అని ఒక నీటి పాయ రాతిలోకి మాయమవుతుంది. టూరిస్టులు దాన్ని చూసి దండం పెట్టి వస్తారు. నాకు మాత్రం అక్కడ నిలబడితే ఒకటే ప్రశ్న వచ్చేది. మనిషి దూరగలిగిన గుహ ఇంతుంటే, నీళ్లు మాత్రమే దూరగలిగినవి ఈ చుట్టుపక్కల ఇంకెన్ని ఉండాలి?

ఇసుకలో, మట్టిలో నీళ్లు వడపోతగా, చాలా నెమ్మదిగా నడుస్తాయి. ఇలాంటి రాతిలో అలా కాదు. వంక పారినట్టు పారతాయి. వడపోత ఉండదు, దిక్కు కూడా పైనున్న వాలును బట్టి చెప్పలేం. కంపెనీ ఇచ్చిన తొలి రిపోర్టులో భూగర్భజలం నేల వాలును అనుసరించి ప్రవహిస్తుందని ఒక వాక్యం ఉంది. అలాంటి వాక్యాలు ఒక రిపోర్టు నుంచి ఇంకో రిపోర్టులోకి కాపీ అవుతూ వస్తాయి. సున్నపురాయి మీద అది చెల్లదు.

గీతకు దగ్గర్లో ఉన్న ఒక ఊళ్లో మెట్లబావి యజమాని మాతో అన్న మాట నోట్సులో రాసుకున్నాను. "సార్, పైన గుట్టల్లో వాన పడితే, ఇక్కడ సినుకు పడకున్నా, మా బాయిలో నీళ్లు ఎర్రగ వస్తాయి. మట్టి వచ్చే దారిలో డీజిలు రాకుండా ఎట్ల ఉంటాది?" ఇది చాలా మంచి ప్రశ్న. మట్టి రంగు బావిలో కనబడిందంటే నేల కింద తెరిచిన దారి ఉందని అర్థం. మా స్టడీ ప్లాన్ అంతా ఆ మాట మీద మార్చుకున్నాం.

రంగు పరీక్ష చేశాం. వానాకాలంలో ఒక చిన్న వంక పారుతూ పారుతూ రాళ్ల గుంతలో దిగిపోయే చోటు ఉంది. అందులో యురనిన్ అనే రంగు పోశాం. తాగినా హాని లేనంత తక్కువ మోతాదులోనే పరికరానికి దొరుకుతుంది. ముందుగా ఊళ్లలో దండోరా వేయించి, పంచాయతీ దగ్గర చెప్పి మరీ చేశాం. లేకపోతే పచ్చటి నీళ్లు చూసి గొడవ అయ్యేది. చుట్టుపక్కల బావుల్లో, బోర్ల నీళ్లు పడే తొట్లలో బొగ్గు పొడి నింపిన చిన్న వల సంచులు వేలాడదీశాం. నీళ్లలో రంగు లేశమాత్రం ఉన్నా బొగ్గు పట్టుకుంటుంది. సంచులు మార్చి మార్చి ల్యాబుకు పంపాం.

నేల వాలు ప్రకారం ముందు రావాల్సిన బావిలో రంగు రాలేదు. వాలుకు అడ్డంగా, గీతకు అవతలి పక్కనున్న ఆ మెట్లబావిలో వచ్చింది, అదీ మేం వేసుకున్న లెక్క కంటే చాలా ముందే. దారిలో ఉన్న మరో రెండు బోర్లలో ఆనవాలే లేదు. అంటే అది పరుచుకుంటూ పోలేదు, ఒక కాలువ పట్టుకుని పోయింది. ఇలాంటి చోట డీజిలు కారితే ఎక్కడ తేలుతుందో ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు.

నేల కుంగే సమస్య కూడా ఉంది. 2015 చివర్లో కుండపోత వానల తర్వాత కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో పొలాల్లో బావుల్లాంటి గుండ్రటి గుంతలు పడ్డాయి. కింద సున్నపురాతి ఖాళీలు, పైన మట్టి, మధ్యలో నీటి మట్టం ఒక్కసారిగా మారడం, ఇవి కలిస్తే నేల అలాగే దిగుతుంది. పైపుకు కింద ఆనింపు పోతే ఉక్కు కొంతవరకు వంగి నిలబడుతుంది, వెల్డింగు దగ్గర మాత్రం దాని ఓపికకు హద్దు ఉంది.

స్కాడాకు కనిపించని లీకు

కంపెనీ మీటింగుల్లో ఈ విషయం ఎత్తగానే వచ్చే జవాబు ఒకటే, స్కాడా. అంటే లైనులోని ప్రెజర్, ప్రవాహం దూరం నుంచే చూపించే కంప్యూటర్ వ్యవస్థ. "మాకు స్కాడా ఉంది సార్. ప్రెజర్ పడితే కంట్రోల్ రూములో అలారం మోగుతుంది, పంపులు ఆపేస్తాం." నిజమే, పైపు పగిలితే అలారం మోగుతుంది. సన్నటి రంధ్రం పడితే?

లెక్క వేసి చూపించాం. ఈ సైజు పైపులో గంటకు 500 కిలోలీటర్లు పోతుందనుకుందాం. లోపలికి పంపినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా చూసి లీకు కనిపెట్టే పద్ధతులకు సుమారు ఒక శాతం లోపు తేడాను నమ్మకంగా పట్టుకోవడం కష్టం. మీటర్ల తప్పు, ఉష్ణోగ్రత మార్పు అందులో కలిసిపోతాయి. 500 కిలోలీటర్లలో ఒక శాతం అంటే గంటకు 5,000 లీటర్లు. రోజుకు లక్షా 20 వేల లీటర్లు కారుతున్నా కంట్రోల్ రూములో అంతా మామూలుగానే కనిపించే అవకాశం ఉంది.

2006 మార్చిలో అలాస్కాలోని ప్రూడో బేలో జరిగింది ఇదే. తుప్పు తిన్న పైపులో పావు అంగుళం రంధ్రం. కనీసం 5 రోజులు కారింది, సుమారు 8 లక్షల లీటర్ల ముడి చమురు పోయింది. లీకు వేగం తక్కువ కాబట్టి సిస్టమ్ పట్టలేదు. అటుగా పోతున్న ఒక ఉద్యోగికి వాసన వస్తే తెలిసింది. 2010 జులైలో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 30 అంగుళాల పైపు ఏకంగా చీలింది. అలారాలు మోగాయి. ఆపరేటర్లు వాటిని పైపులో ఖాళీ ఏర్పడటం వల్ల వచ్చినవిగా అనుకుని, రెండుసార్లు మళ్లీ పంపులు నడిపారు. 17 గంటల తర్వాత గానీ లైను ఆగలేదు, అదీ స్థానిక గ్యాస్ కంపెనీ మనిషి ఫోన్ చేస్తే. 30 లక్షల లీటర్లకు పైగా ముడి చమురు కాలమజూ నదిలోకి పోయింది. మనకు దగ్గర్లో చెన్నై తొండియార్‌పేటలో 2013లో జనం బోర్లలో నీళ్లతో పాటు నూనె రావడం చూసి కేకలు పెట్టారు. కింద పాత పైపులైను ఉంది.

ఈ మూడింటిలోనూ లీకు బయటపెట్టింది మనుషులు. వాసన చూసినవాళ్లు, బోరు నీళ్లు పట్టుకున్నవాళ్లు. ఇప్పుడు మా గీత సంగతి చూడండి. అది మనుషులు లేని చోటు వెతుక్కుంటూ పోయింది. బంజరులో లైన్‌వాకర్ తన వంతు నడక నడిచి పోయాక మళ్లీ వచ్చేదాకా ఎవరూ ఉండరు. పైపుకు రంధ్రం చేసి డీజిలు దొంగిలించేవాళ్లకూ అలాంటి చోటే అనుకూలం. ఆ బెడద మన దేశంలో ఎంత ఉందంటే 2011లో చట్టం సవరించి శిక్షలు పెంచాల్సి వచ్చింది. దొంగలు బిగించిన వాల్వు సరిగ్గా కూర్చోక కారే లీకులు ఎవరి రికార్డుల్లోనూ ఉండవు.

పంపు ఆపితే ఆగిపోతుందన్న మాట కూడా సగమే నిజం. 18 అంగుళాల పైపులో కిలోమీటరుకు సుమారు లక్షన్నర లీటర్లు ఉంటుంది. రెండు వాల్వు స్టేషన్ల మధ్య 20 కిలోమీటర్లు ఉంటే 30 లక్షల లీటర్లు. రెండు వైపులా మూసేసినా, రంధ్రం పల్లంలో ఉంటే ఎత్తున ఉన్నదంతా దానంతట అదే దిగుతుంది. తొలి డిజైన్‌లో వాల్వులను రోడ్డు దగ్గరగా ఉందని, కరెంటు దొరుకుతుందని పెట్టారు. నేల ఎగుడుదిగుళ్లు చూసి పెట్టలేదు.

ఎంత కారితే ఎంత చెడుతుంది? బీఎస్-6 పెట్రోల్లో బెంజీన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. తాగే నీళ్లలో బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు. ఒక లీటరు పెట్రోల్లోని బెంజీన్ మొత్తం నీళ్లలో కరిగితే 8 లక్షల లీటర్లకు పైగా నీటిని ఆ హద్దు దాకా తీసుకుపోగలదు. కాగితం మీది లెక్కే, అసలు నేలలో కొంత ఆవిరవుతుంది, కొంత సూక్ష్మజీవులు తినేస్తాయి. అయినా ఒక లీటరు సంగతే ఇది. పైగా పెట్రోలు, డీజిలు నీటి మీద తేలతాయి. బోరు ఆడినప్పుడు చుట్టూ నీటి మట్టం గరాటు లాగా దిగి, ఆ తేలే పొర బోరు వైపే జారుతుంది. ఎండాకాలం మట్టం పడిపోయినప్పుడు రాతి సందులకు అంటుకుని, వానాకాలం పెరిగినప్పుడు మళ్లీ కలుస్తుంది. ఇలా ఏళ్ల తరబడి.

కలివి కోడి ఉన్న కంప

సాఫ్ట్‌వేర్ బంజరు అని లెక్కేసిన రెండో రకం నేల బద్వేలు, సిద్ధవటం వైపు ఉంది. పొట్టి ముళ్ల పొదలు, మధ్య మధ్య ఖాళీ నేల. చూడ్డానికి ఎందుకూ పనికిరాని కంప. 1900 తర్వాత కనబడకుండా పోయి, అంతరించిందనుకున్న కలివి కోడి 1986లో మళ్లీ దొరికింది ఈ లంకమల కంపలోనే. దాని కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. అది రాత్రిపూట తిరిగే పక్షి. మరీ దట్టమైన పొదలూ, పూర్తిగా తవ్వేసిన నేలా రెండూ దానికి పనికిరావు.

2005లో తెలుగుగంగ కాలువ పని యంత్రాలు ఆ ఆవాసంలోకి వచ్చి కొంత పాడుచేశాక పెద్ద గొడవ జరిగి, చివరికి కాలువ అలైన్‌మెంట్ మార్చారు. ఆ ఉదాహరణ మాకు చాలా ఉపయోగపడింది. కంపెనీ గీత అభయారణ్యం హద్దు లోపలికి రాలేదు, పక్కనుంచి పోయింది, కాబట్టి చట్టం దృష్టిలో చిక్కు లేదు. కానీ హద్దు ఎక్కడుందో కోడికి తెలియదు కదా. పైపు వేసే పట్టీ చదును చేస్తే అది ట్రాక్టర్లకు బాట అవుతుంది, దాని వెంట కట్టెలు కొట్టేవాళ్లు వస్తారు. ఇక్కడ వాదన పెద్దగా నడవలేదు. తెలుగుగంగ ఫైలు చూపించగానే గీత రోడ్డు పక్కకు జరిగింది. కోర్టుల భయం చేసే పని ఏ రిపోర్టూ చేయదు.

ఏరు దాటే చోట

పెన్నాను జమ్మలమడుగు దిగువన దాటాలి. సాధారణంగా ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకే కనిపించే ఏరు కాబట్టి తవ్వి పూడ్చేద్దామన్న ప్రతిపాదన మొదట వచ్చింది. 2021 నవంబరు వానల్ని గుర్తుచేశాం. చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం కొట్టుకుపోయింది, కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. ఎండిన ఏర్లు ఒక్క రాత్రిలో ఎంత ఇసుక కదిలిస్తాయో అప్పుడు చూశాం. దానికి ఇసుక తవ్వకాలు తోడు. పైపు వేసిన రోజున అది ఇసుక కింద ఎంత లోతున ఉందో రికార్డులో ఉంటుంది, పదేళ్ల తర్వాత ఆ ఇసుక అక్కడ ఉంటుందన్న గ్యారంటీ ఏముంది?

ఏటి అడుగున వంపుగా డ్రిల్లింగ్ చేసి పైపు లాగే పద్ధతి, హెచ్‌డీడీ, మంచిదే. కానీ ఏ రాతిలో చేస్తున్నామో చూడాలి. డ్రిల్లింగుకు వాడే బెంటొనైట్ అనే బంకమట్టి బురద సున్నపురాతి సందుల్లో దారి దొరికితే జారిపోయి ఇంకెక్కడో తేలుతుంది. అందుకని దాటే చోటును, కింద షేల్, అంటే బంకమట్టి గట్టిపడి ఏర్పడిన రాయి, ఉన్న దగ్గరికి జరపమన్నాం. జరిపారు.

కొన్ని చిన్న సంగతులు త్వరగా చెప్పేస్తాను. పైపు వేశాక నీళ్లు నింపి ప్రెజర్ పరీక్ష చేస్తారు. 50 కిలోమీటర్ల ముక్కకు 75 లక్షల లీటర్లు కావాలి, అంటే 10,000 లీటర్ల ట్యాంకర్లు 750. అదీ వానలు తక్కువ పడే సీమలో. పరీక్షయ్యాక ఆ నీళ్లలో తుప్పు మందు, సూక్ష్మజీవుల్ని చంపే మందు ఉంటాయి, వంకలోకి వదలకూడదు. ఒక ముక్క నీళ్లనే తర్వాతి ముక్కకు వాడాలని, వానాకాలంలో కాలువ నీరు ఉన్నప్పుడే పరీక్ష పెట్టాలని రాశాం. ఓర్వకల్లు వైపు సోలార్ పార్కు, 765 కేవీ సబ్‌స్టేషన్ ఉన్నాయి, హైటెన్షన్ లైన్లు ఎక్కువ. వాటి పక్కనే కిలోమీటర్ల కొద్దీ సమాంతరంగా పైపు పోతే దానిలో కరెంటు ప్రేరేపితమై కోటింగ్ దెబ్బతిన్న చోట తుప్పు మొదలవుతుంది. పైపుకు కొద్దిపాటి కరెంటు ఇచ్చి తుప్పు ఆపే మామూలు కాథోడిక్ ప్రొటెక్షన్ ఒక్కటే దానికి చాలదు. సిమెంటు ఫ్యాక్టరీల గనుల్లో పేలుళ్లు, వాటి భవిష్యత్ లీజులు కూడా మ్యాపు మీద పెట్టి చూడమన్నాం.

నల్లరేగడి మీదికి

ఇక అసలు తకరారు. సున్నపురాయి మీద వద్దంటే ఎక్కడ?

తూర్పుగా కుందూ లోయ ఉంది. కోవెలకుంట్ల, చాగలమర్రి వైపు. నంద్యాల షేల్, దాని మీద మందంగా నల్లరేగడి. కేసీ కెనాల్ కింద వరి, మిగతా చోట్ల శనగ, జొన్న, పత్తి. జిల్లాలో మంచి నేలల్లో ఒకటి. ఆ బంకమట్టిలో నూనె నెమ్మదిగా నడుస్తుంది. లీకైతే చెడిన మట్టిని తవ్వి తీసేయొచ్చు, ముప్పు ఎక్కడిదాకా పోయిందో కొలవొచ్చు. ఎండాకాలం రేగడి బీటలు తీస్తుంది, ఆ బీటల్లోంచి కొంత లోతుకు దిగే మాట నిజమే. ఉబ్బి కుంగే ఆ మట్టి కోటింగ్‌ను కూడా లాగుతుంది. అయినా నా లెక్కలో ఇది సున్నపురాతి కంటే ఎంతో నయం. పైగా ఇక్కడ పొలంలో రోజూ మనిషి ఉంటాడు. డీజిలు వాసన వస్తే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది.

ఈ మాట రైతుల ముందు చెప్పడం అంత తేలిక కాదు. కోవెలకుంట్ల వైపు ఒక ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నప్పుడు ఒక పెద్దామె గట్టిగానే అడిగింది. "రాళ్లల్లో పోయేదాన్ని మా మీదికి ఎందుకు తెస్తాండారు నాయనా? బోరు ఏసుకోకూడదంట, సెట్టు పెట్టుకోకూడదంట. రూపాయి నేలకు పది పైసలు ఇచ్చి పొమ్మంటే ఎట్ల?" ఆమె చెప్పిన 10 శాతం లెక్క చట్టంలో ఉన్నదే. కంపెనీ మనిషి పంట నష్టం వేరుగా ఇస్తామని సర్దిచెప్పబోతే, "అది ఒక పంట కారుకు, పైపు మా మనవళ్ల దాకా ఉంటాది" అంది. దానికి ఎవరూ జవాబు చెప్పలేదు.

నా అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు. మంచి నేల మీదుగా పోవడమే మంచిది, కాకపోతే ఆ మంచి నేలకు తగిన ధర కట్టాలి. 10 శాతం అన్నది చట్టం చెప్పిన లెక్క, అంతకంటే ఎక్కువ ఇవ్వకూడదని ఎక్కడా లేదు. బంజరు మీద మిగులుతుందనుకున్న డబ్బులో కొంత ఇటు మళ్లించినా చాలు. పైమట్టిని వేరుగా తీసి, వేరుగా పోసి, చివర్లో పైనే పరచాలన్న షరతు ఇక్కడ ప్రాణం లాంటిది. కాంట్రాక్టర్లు తొందరలో రెండూ కలిపేస్తే ఆ పట్టీలో శనగ ఏళ్ల తరబడి తేలిపోతుంది. తవ్విన మట్టిని రెండు కుప్పలుగా పెట్టారో లేదో చూడ్డానికి పెద్ద చదువు అక్కర్లేదు, రోజూ పొలానికి వెళ్లే రైతే చూడగలడు. అందుకే ఆ షరతును తెలుగులో ఒక పేజీగా అచ్చు వేయించి ఊళ్లలో పంచాం.

చివరికి ఒప్పుకున్నవి, ఒప్పుకోనివి

కొలిమిగుండ్ల దగ్గరి భాగంలో గీత ఎక్కువ దూరం కుందూ వైపు జరిగింది. పూర్తిగా జరగలేదు. ఉత్తరాన బనగానపల్లె దాటాక కొంత ముక్క సున్నపురాయి మీదే మిగిలింది, ఎందుకంటే అటు జరిపితే ఇంకో సాగునీటి కాలువను రెండుసార్లు దాటాల్సి వస్తుంది. ఆ ముక్కలో మందం ఎక్కువ ఉన్న పైపు, దగ్గర దగ్గరగా వాల్వులు, పైపు వెంట ఫైబర్ కేబుల్ పెట్టి చిన్న లీకులు కూడా వినే ఏర్పాటు ఒప్పుకున్నారు. పైపు కింద వేసే ఇసుక పొరే కారిన నూనెకు కాలువ అవుతుంది కాబట్టి, అక్కడక్కడా బంకమట్టి అడ్డుకట్టలు వేయమన్నాం, దానికీ సరేనన్నారు. తవ్వే ముందు నేల కింద ఖాళీలు వెతికే సర్వే కూడా ఒప్పుకున్నారు, కానీ దాని ఫలితం చూసి గీత మార్చాల్సి వస్తే ఖర్చు ఎవరిదన్నది రాతపూర్వకంగా తేలలేదు.

10 శాతానికి మించి పరిహారం మాట జిల్లా స్థాయి మీటింగు మినిట్స్‌లో ఉంది, అగ్రిమెంటులో లేదు.

ఎక్కువసేపు వాదన నడిచింది నీటి పరీక్షల గురించి. పైపులో నూనె నింపక ముందే బావులు, బోర్ల నీళ్లలో బెంజీన్, నూనె లాంటివి ఎంతున్నాయో కొలిచి పెట్టుకోవాలి. అది లేకపోతే రేపు బోరులో డీజిలు వస్తే, ముందు నుంచీ ఉందేమో, మీ మోటారుదేమో అన్న మాట వస్తుంది. పరీక్షలకు కంపెనీ ఒప్పుకుంది. రిపోర్టు కాపీ ప్రతి బావి యజమానికీ ఇవ్వాలంటే మాత్రం వాళ్ల లాయర్లు ఒప్పుకోలేదు. కాపీలు పంచాయతీలో ఉండేలా చివరికి సర్దుబాటు అయింది. మేం సొంతంగా చేసిన పని ఒకటుంది. నమూనా తీసిన ప్రతి చోటా యజమాని సంతకం తీసుకుని, సీసా నంబరు, తేదీ రాసిన చీటీ వాళ్ల చేతికే ఇచ్చాం. రంగు తేలిన మెట్లబావికి మాత్రం వానకు ముందు, వాన తర్వాత రెండు విడతలుగా తీయాలని పట్టుబట్టాం. లైను నడిచాక మొదటి మూడేళ్లు కంపెనీ తీయిస్తుంది. నాలుగో ఏడాది నుంచి ఆ సీసాలు ఎవరు నింపాలి, ల్యాబు బిల్లు ఎవరు కట్టాలి అన్న కాలమ్ ఫైల్లో ఇంకా నింపలేదు.